గృహ కూడికలో కానుక సంచి: ఎంత తీయాలి, ఎవరు లెక్కపెట్టాలి, ఎవరికివ్వాలి

వందనాలండి. మీ ప్రశ్న సారాంశం ఇదీ: ఎనభై కుటుంబాల సంఘం, పాస్టర్ గారు ఆరు గృహ కూడికలు (వారం వారం ఇళ్ళలో జరిగే చిన్న ప్రార్థన గుంపులు) పెట్టించారు, మూడు నెలలు తిరక్కుండానే రెండే మిగిలాయి. ఆ రెండింటిలో ఒకదాంట్లో సహాయ నిధి దగ్గర మాటా మాటా వచ్చింది. అసలు కూడికల్లో డబ్బు తీయడమే మానేస్తే గొడవ ఉండదు కదా అంటున్నారు.

మానేయకండి. డబ్బు వల్ల పోయిన కూడికల కంటే, డబ్బు సంగతి ఎవరూ నోరు విప్పి మాట్లాడుకోక పోయిన కూడికలే ఎక్కువ. పైగా చిన్న గుంపు, కానుక అనేవి మొదటి నుంచీ కలిసి నడిచినవే. 1742 ఫిబ్రవరిలో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో, మెథడిస్టు శాఖకి మూలపురుషుడైన జాన్ వెస్లీ సంఘానికి కట్టుకున్న భవనం మీద అప్పు ఉండిపోయింది. మనిషికి వారానికో పెన్నీ వేసుకుందామని కెప్టెన్ ఫాయ్ అనే ఆయన అన్నాడు. చాలామంది దగ్గర ఆ పెన్నీ కూడా లేదన్నారు. అయితే అందరికంటే బీదవాళ్ళని పదకొండు మందిని నాకప్పగించండి, వారం వారం వాళ్ళ దగ్గరికి వెళ్తాను, ఇవ్వలేనివాళ్ళది నేనే వేస్తాను అన్నాడాయన. అలా పన్నెండేసి మంది జట్లయ్యాయి. పెన్నీ కోసం ఇంటింటికీ వెళ్ళినవాళ్ళకి ఎవరింట్లో ఏం కష్టముందో, ఎవరు దారి తప్పుతున్నారో తెలిసింది. ఇల్లిల్లూ తిరగడం కుదరక అందరూ ఒకచోట కూడుకోవడం మొదలుపెట్టారు. మెథడిస్టుల క్లాస్ మీటింగ్ పుట్టింది అలాగే. అప్పు వసూలుకి పెట్టుకున్న ఏర్పాటు కాపరి పని చేసింది. మన మెదక్ ప్రాంతపు సంఘాలు ఆ వెస్లీ శాఖ మిషనరీల చేతి మీదుగా వచ్చినవే.

ఇక మీ నాలుగు కూడికలు ఎందుకు ఆగాయి? మీరు రాసినదాంట్లో ఒక వాక్యం దగ్గర నాకు అనుమానం వచ్చింది: "మొదట్లో టీ ఇచ్చేవాళ్ళు, తర్వాత ఉప్మా, ఇప్పుడు బిర్యానీ పెడుతున్నారు." అదేనండి జబ్బు. మొదటి వారం ఎవరో ప్రేమకొద్దీ ఇడ్లీ పెడతారు. రెండో ఇంటివాళ్ళు తగ్గితే బాగుండదని వడ కలుపుతారు. నాలుగో వారానికి చికెన్. ఐదో ఇల్లు కూలికెళ్ళేవాళ్ళదైతే, వాళ్ళు "ఈ వారం మా ఇంట్లో కుదరదండి" అంటారు. ఆ తర్వాత రావడమే మానేస్తారు, ఎందుకని ఎవరూ అడగరు. దీనికి మందు ఒక్కటే. టీ, బిస్కట్ తప్ప ఏ ఇంట్లోనూ ఇంకేమీ పెట్టకూడదని మొదటి రోజే చెప్పేయాలి. కలిగినవాళ్ళ ఇంట్లో ఈ నియమం మరీ గట్టిగా పాటించాలి. పుట్టినరోజు కేకు కూడా వద్దు. కఠినంగా అనిపిస్తుంది గానీ, ఎక్కువ పెట్టడం ఇక్కడ ఉదారత కాదు, పక్కవాళ్ళ మీద బరువు. టీ కూడా భారమయ్యే ఇల్లుంటే పాలు, పంచదార కూడికే తెచ్చుకోవచ్చు.

సమయం గంటంపావు మించనివ్వొద్దు. ఏడున్నరకి మొదలైతే 8:45కి ఆఖరి ప్రార్థన అయిపోవాలి. రెండు పాటలు, పోయిన వారం ప్రార్థన విన్నపాలు ఏమయ్యాయో ఐదు నిమిషాలు, వాక్యం పాతిక, ప్రార్థన పాతిక. నాట్ల రోజుల్లో, కోతల రోజుల్లో ఎనిమిదికి జరుపుకుని గంటలో ముగించండి. పొద్దుటి నుంచీ బురదలో వంగి వచ్చిన ఆవిడ కూర్చున్నచోటే నిద్రపోతే తప్పు ఆవిడది కాదు. మైకు, బాక్సులు వద్దు. పదిమందికి మైకెందుకు? పక్కింటివాళ్ళ పిల్లలు చదువుకుంటూ ఉంటారు.

వాక్యం దగ్గర మరో చిక్కు. నడిపించేవాళ్ళు ఆదివారం ప్రసంగాన్నే ఇంకోసారి చెప్తారు, మిగతావాళ్ళు తల ఊపుతారు. మన బైబిలు భాష పాతది. "సణుగుకొనకయు బలవంతముగా కాకయు" అని రెండో కొరింథీ 9:7 చదివి వదిలేస్తే సగంమందికి అది పద్యంలా చెవుల పక్కనుంచి పోతుంది. రెండుసార్లు నెమ్మదిగా చదివించి, చదువు రాని ఒకరిని "ఇది మీ మాటల్లో చెప్పండి" అని అడగండి. "గొణుక్కుంటూ ఇవ్వొద్దు, ఎవరో మెడ మీద కూర్చుంటే ఇవ్వొద్దు అంటున్నాడు" అని ఆవిడ అంటే, ఆ రోజు పాఠం అయిపోయినట్టే. నడిపించేవాళ్ళ మాట మొత్తం సమయంలో మూడో వంతు దాటకూడదు.

ఇప్పుడు కానుక. పళ్ళెం వద్దు, గుడ్డ సంచే మేలు. పళ్ళెంలో పది రూపాయల నోటు పక్కన ఐదొందల నోటు పడితే పదివేసిన చెయ్యి వెనక్కి జంకుతుంది. సంచిలో చెయ్యి పెట్టినవాళ్ళు వేశారో లేదో కూడా తెలియదు, తెలియకూడదు కూడా. ఈ డబ్బు దశమభాగం (రాబడిలో సంఘానికిచ్చే పదో వంతు) కాదని, ఆదివారం కానుకకి బదులు కాదని స్పష్టంగా చెప్పండి. లేకపోతే కూడికల వల్ల సంఘం రాబడి తగ్గిందని మూడో నెలలో పెద్దల మీటింగులో మాట వస్తుంది. పది ఇళ్ళు, ఇంటికి ఇరవై చొప్పున అనుకుంటే నాలుగు వారాలకి ఎనిమిదొందలు. చిన్న మొత్తమే, కానీ ఒకరి నెల బీపీ, షుగర్ మాత్రలకి వస్తుంది.

లెక్క ఎప్పుడూ ఇద్దరు చూడాలి. ఇద్దరూ ఒకే ఇంటివాళ్ళు కాకూడదు, అందులో కూడిక నడిపించేవాళ్ళు ఉండకూడదు. ఆఖరి ప్రార్థన అయ్యాక అందరూ టీ తాగుతుండగానే సంచి అక్కడే చాప మీద బోర్లించి, నోట్లు ఒకవైపు, చిల్లర ఒకవైపు పెట్టి, మొత్తం పైకి చదవాలి. వంద పేజీల నోటుబుక్కులో ఐదు గడులు గీసుకుంటే చాలు: తేదీ, వచ్చింది, ఇచ్చింది, నిల్వ, ఇద్దరి సంతకాలు. "రేపు తీరిగ్గా లెక్కపెడదాం" అని సంచి ఇంటికి పట్టుకెళ్ళడం దగ్గరే అనుమానాలన్నీ మొదలవుతాయి. ఆ మనిషి ఎంత నిజాయితీపరుడైనా సరే. పౌలు అంతటివాడే కానుక మోసుకెళ్ళేటప్పుడు ఎవరూ తప్పుపట్టకుండా సంఘాలు ఎన్నుకున్న మనిషిని వెంట పెట్టుకున్నాడు (రెండో కొరింథీ 8:18-21). ఫోన్‌పేలో వేస్తామనేవాళ్ళుంటే సంఘం ఖాతా క్యూఆర్ మాత్రమే ఇవ్వండి. నడిపించేవాళ్ళ సొంత నంబరుకి వేయించుకుంటే కూడిక డబ్బు, వాళ్ళ కరెంటు బిల్లు ఒకే ఖాతాలో కలిసిపోతాయి. ఆర్నెల్ల తర్వాత విడదీయడం ఎవరి తరమూ కాదు.

డబ్బు కంటే నాకు ఎక్కువ నమ్మకం పిడికెడు బియ్యం మీద. మిజోరాంలో దీన్ని బుహ్‌ఫాయ్ థామ్ అంటారు. అక్కడి ప్రెస్బిటీరియన్ స్త్రీలు 1910లో మొదలుపెట్టారు, ఇప్పటికీ నడుస్తోంది. మన పల్లె సంఘాల్లోనూ పాతతరం ఆడవాళ్ళకి అలవాటున్నదే. అన్నానికి బియ్యం కొలుచుకున్న ప్రతిసారీ అందులోంచి ఒక పిడికెడు తీసి పక్క డబ్బాలో వేయడం, అంతే. పిడికెడు తూకం వేస్తే నలభై గ్రాములు అటూ ఇటూ ఉంటుంది. రోజుకి రెండుపూటలంటే నెలకి రెండు కిలోల నాలుగొందలు. పది ఇళ్ళవి కలిపితే ఇరవై నాలుగు కిలోలు, ఒంటరిగా ఉన్న ఇద్దరు ముసలివాళ్ళకి నెల గడుస్తుంది. ఇచ్చే ఇంట్లో మాత్రం ఎవరికీ ముద్ద తగ్గినట్టు తెలియదు.

ఇందులోనూ తప్పులు జరుగుతాయి. కంట్రోలు బియ్యం, సోనా మసూరి, ఉప్పుడు బియ్యం అన్నీ ఒకే గోనెలో పోస్తే ఆ అన్నం ఎవరూ తినలేరు: కొన్ని మెత్తబడిపోతాయి, కొన్ని పలుకుగానే ఉంటాయి. మూడు డబ్బాలు పెట్టుకోండి. నెలకోసారి తప్పనిసరిగా ఖాళీ చేయాలి. వానాకాలంలో రెండు నెలలుంచితే ముక్కపురుగు పడుతుంది. డబ్బాలో ఎండిన వేపాకు, నాలుగు ఎండుమిరపకాయలు వేస్తే కొంత ఆగుతుంది. బియ్యం అమ్మి డబ్బు చేసే అలవాటు కొన్నిచోట్ల ఉంది. కంట్రోలు బియ్యం అమ్మడం చట్టం ఒప్పుకోదు కాబట్టి అవి ఇచ్చేయడమే. పురుగు పట్టినవీ, ముక్కిపోయినవీ "బీదవాళ్ళకే కదా" అని కట్టబెట్టడం కంటే కోళ్ళకి వేయడం మర్యాద.

ఇవ్వడంలోనే అసలు నేర్పంతా. ఐదొందల లోపు అవసరమైతే లెక్క చూసే ఇద్దరూ కలిసి ఇచ్చేయొచ్చు, తర్వాత కూడికకి చెప్పాలి. ఆ పైన అయితే కూడిక అంతా ఒప్పుకోవాలి. మూడువేలు దాటితే సంఘ పెద్దల దగ్గరికి పంపండి, అది మీ నిధి మోసే బరువు కాదు. అంకెలు మీ ఊరిని బట్టి మార్చుకోండి గానీ, ఏదో ఒక అంకె రాసిపెట్టుకోండి. ఇద్దరు వెళ్ళి చూసి రావాలి, మందుల షాపుకో ఆసుపత్రికో నేరుగా కట్టి రసీదు తేవాలి. నోటుబుక్కులో పేరు కాకుండా "3వ ఇల్లు, మందులు" అని రాస్తే చాలు. చీర చేతికిస్తూ ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టడం దయచేసి మానండి. ఆ చీర ఆవిడ సంఘానికి కట్టుకుని రాదు. విన్నపాలూ అంతే: కూతురి కాపురం గురించి చెప్పుకుని ఏడ్చిన మాట మర్నాడు బోరింగు దగ్గర వినబడితే ఆ కూడికలో ఇంకెవరూ నోరు విప్పరు.

అప్పుగా మాత్రం ఇవ్వొద్దు. చిట్టీ అసలు వద్దు. చాలామందికి డ్వాక్రా అలవాటు వల్ల పదిమంది ఆడవాళ్ళు వారం వారం కూర్చుంటే పొదుపు, వడ్డీ గుర్తొస్తాయి. డ్వాక్రా మంచిదే, దాన్ని దాని చోటే ఉంచండి. బాకీ తీర్చలేనివాళ్ళు మొదట వడ్డీ ఎగ్గొడతారు, తర్వాత కూడిక ఎగ్గొడతారు, చివరికి ఆదివారం కూడా. ఇస్తే ఇచ్చేసినట్టే అనుకుని ఇవ్వండి. డబ్బు లేనప్పుడు మనుషులున్నారు: ఆసుపత్రిలో రాత్రి తోడు పడుకోవడానికి వంతులు వేసుకోవడం, చావు జరిగిన ఇంటికి మూడు రోజులు అన్నం పంపడం. ఇవి రాని కూడికకి నిధి ఎంతున్నా ఒకటే.

డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్న బంధువులు పంపుతామంటే ఒక జాగ్రత్త. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు తమ సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ళు పంపితే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్ళకి మన ప్రభుత్వమిచ్చేది) ఉన్నా సరే, విదేశీ విరాళమే. 2010 నాటి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ) చట్టం కింద అనుమతి లేని సంఘం దాన్ని తీసుకోకూడదు. 2020 సవరణ తర్వాత, రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్ళు కూడా ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాలోకే తీసుకోవాలి. నడిపించేవాళ్ళ సొంత ఖాతాకి తెప్పించి పంచుదామనే తెలివి వద్దు.

పెరిగితే విడదీయడం గురించి కూడా అడిగారు. పన్నెండు దాటితే మాట్లాడేవాళ్ళు నలుగురే అవుతారు, మిగతావాళ్ళు ప్రేక్షకులు. విడదీయడానికి మూడు నెలల ముందే రెండో మనిషిని పక్కన పెట్టుకుని, నెలకి రెండు వారాలు వాళ్ళచేత నడిపించండి. వీధుల వారీగా పంచడం సులువే, కానీ మన ఊళ్ళలో వీధుల వారీగా అంటే చాలాచోట్ల కులాల వారీగా అనే అర్థం. పైకి ఎవరూ అనరు, అందరికీ తెలుసు. ప్రతి కొత్త కూడికలోనూ కనీసం రెండు వీధుల ఇళ్ళుండేలా చూడండి, కూడిక ఒక్కో వారం ఒక్కో ఇంట్లో జరగాలి. ఎవరింట్లో టీ ఎవరు తాగరో మొదటి నెలలోనే బయటపడుతుంది. అది బయటపడటమే మంచిది. పాస్టర్ గారు ఆ వారం తప్పకుండా వచ్చి, ఆ ఇంట్లోనే కూర్చుని తాగాలి.

ఆగిపోయిన నాలుగింటినీ ఒకేసారి లేపకండి. నడుస్తున్న రెండింటినీ ముందు ఆర్నెల్లు కుదుటపడనిచ్చి, వాటిలోంచే మూడోది తీయండి. గొడవైన కూడికలో వచ్చే వారమే పాత నోటుబుక్కు తెచ్చి, మొదటి పేజీ నుంచి నిల్వ వరకు అందరి ముందూ చదివించండి. తేడా వస్తే వచ్చినంత రాసి, కింద గీత గీసి, కొత్త ఇద్దరి సంతకాలతో మొదలుపెట్టండి. ఆ పాత పేజీలు మాత్రం చింపొద్దు.