సంగీతంలో ఎం.ఏ. ఎవరికి అవసరం?

ప్రశ్న: మా అమ్మాయి బీకాం చివరి సంవత్సరంలో ఉంది. విజయనగరం ప్రభుత్వ సంగీత కళాశాలలో గాత్రంలో సర్టిఫికెట్, డిప్లొమా పూర్తి చేసింది. సంగీతం టీచరు కావాలని తన కోరిక. ఎం.ఏ. సంగీతం చేస్తే ఉపయోగం ఉంటుందా, లేక ఆ రెండేళ్లూ వృథా అవుతాయా?
- ఒక తల్లి, విజయనగరం

జవాబు: అమ్మా, మీ అమ్మాయి చదివిన కళాశాల 1919లో ఆదిభట్ల నారాయణదాసు గారు అధ్యక్షులుగా మొదలైనది. విద్యార్థిగా చేరదామని వెళ్లిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారిని, ఆయన వాయులీనం (వయొలిన్) విని అక్కడే అధ్యాపకుడిగా నియమించారని నేటికీ చెప్పుకుంటారు. అయితే ఇప్పుడు విద్వత్తుతో పాటు కాగితం కూడా కావాలి. ఏ కాగితం అన్నది, ఆమె ఎవరికి పాఠం చెప్పాలనుకుంటోంది అన్నదాన్ని బట్టి ఉంటుంది.

బడి పిల్లలకు చెప్పడమే లక్ష్యమైతే ఎం.ఏ. తప్పనిసరి కాదు. కేంద్రీయ విద్యాలయాల్లో ప్రాథమిక స్థాయి సంగీతం టీచరు పోస్టుకు ఇంటర్మీడియట్‌లో 50 శాతం మార్కులు, సంగీతంలో బ్యాచిలర్ డిగ్రీ లేదా దానికి సమానమైన అర్హత అడుగుతూ వచ్చారు. ఏడవ వేతన సంఘం ప్రకారం మూలవేతనం రూ. 35,400తో మొదలవుతుంది. మీ అమ్మాయి విషయంలో చిక్కు ఇక్కడే ఉంది. ఆమె డిగ్రీ వాణిజ్యశాస్త్రంలోది, సంగీతంలో ఉన్నది డిప్లొమా. ఆ డిప్లొమాను డిగ్రీకి సమానంగా పరిగణిస్తారో లేదో నోటిఫికేషన్ చదివి, సందేహం ఉంటే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి.

కళాశాలలో అధ్యాపకురాలు కావాలంటే మాత్రం ఎం.ఏ. లేకుండా దారి దాదాపు లేదనే చెప్పాలి. సహాయ ఆచార్య (అసిస్టెంట్ ప్రొఫెసర్) పదవికి అర్హత కల్పించే జాతీయ పరీక్ష యూజీసీ నెట్ రాయాలంటే పీజీలో 55 శాతం మార్కులుండాలి. ఎస్సీ, ఎస్టీ, నాన్-క్రీమీలేయర్ ఓబీసీ, దివ్యాంగ అభ్యర్థులకు 50 శాతం చాలు. అధ్యాపక అర్హతకు గరిష్ఠ వయోపరిమితి లేదు కాబట్టి తొలి ప్రయత్నంలో రాకపోయినా దిగులుపడనక్కరలేదు. పీజీ లేని కళాకారులకు యూజీసీ 2018 నిబంధనల్లో మరో మార్గం ఉంది గాని, అందుకు సంబంధిత విషయంలోనే బ్యాచిలర్ డిగ్రీతో పాటు పేరున్న గురువు వద్ద శిక్షణ, ఆకాశవాణి లేదా దూరదర్శన్‌లో 'ఎ' గ్రేడ్ కావాలి. బీకాంతో ఆ తలుపు తెరుచుకోదు. అందుకే బీఏ సంగీతం చదివిన అమ్మాయి కంటే మీ అమ్మాయికి ఎం.ఏ. వల్ల కలిగే మేలు ఎక్కువ.

ఒక్క మాట దాచకుండా చెప్పాలి. మన రెండు రాష్ట్రాల్లో సంగీత శాఖలున్న విశ్వవిద్యాలయాలు తక్కువ, శాశ్వత నియామకాలు అరుదు. నెట్ వచ్చిన తరువాత కూడా కొన్నేళ్లు అతిథి అధ్యాపకురాలిగానో, కాంట్రాక్టు పద్ధతిలోనో పని చేయవలసి రావచ్చు. ఇల్లు గడవడానికి ఆమె సంపాదన వెంటనే అవసరమైతే ఈ విషయాన్ని ముందే ఆలోచించుకోండి.

ఉద్యోగం మాట అటుంచితే, పాఠం చెప్పేవారికి ఎం.ఏ. ఇచ్చేది లక్షణ జ్ఞానం, అంటే సంగీతశాస్త్ర పరిజ్ఞానం. కల్యాణి రాగాన్ని అరగంట పాడగలిగినవారు కూడా, అది 72 మేళాల (మూల రాగాల) వరుసలో 65వది ఎందుకయిందని ఒక పిల్ల అడిగితే తడబడటం నేను చూశాను. దాని పూర్తి పేరు మేచకల్యాణి, అక్షరాలకు అంకెలు కేటాయించే కటపయాది సూత్రం ప్రకారం అందులో 'మే' అంటే 5, 'చ' అంటే 6, వాటిని తిరగేస్తే 65 అని విప్పి చెప్పగలగాలి. బృహద్దేశి, సంగీత రత్నాకరం, చతుర్దండి ప్రకాశిక వంటి పాత సంగీతశాస్త్ర గ్రంథాలను క్రమంగా పరిచయం చేసుకోవడానికి ఈ రెండేళ్లు చాలా విలువైనవి. ఇంట్లోనో, ఆన్‌లైన్‌లోనో ప్రైవేటుగా నేర్పేవారిని తల్లిదండ్రులు సాధారణంగా డిగ్రీ అడగరు, గురువెవరని అడుగుతారు. అయినా సర్టిఫికెట్ పరీక్షలకు కూర్చునే పిల్లలకు, విదేశాల్లోని తెలుగు పిల్లలతో సహా, లక్షణం చెప్పగల టీచరే కావాలి.

కాబట్టి ఎం.ఏ.లో చేర్పించమనే నా సలహా. విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు మీకు దగ్గర. తిరుపతిలో శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఉంది. బీకాంతో పాటు డిప్లొమా ఉన్నవారికి ప్రవేశార్హత ఉందో లేదో ఆ ఏటి ప్రకటనలో చూసుకోండి. తరగతులు మొదలయ్యాక కూడా గురువు గారి వద్ద సాధన మానకూడదు, ఎందుకంటే రాగాలాపన, నెరవు, కల్పనస్వరం వంటి, అప్పటికప్పుడు అల్లుకుంటూ పాడే అంశాలు సెమిస్టరు పరీక్షల కోసం చదివితే వచ్చేవి కావు. చదువుతుండగానే ఆకాశవాణి ఆడిషన్‌కు దరఖాస్తు చేయించండి. ఫీజు కట్టే ముందు ఒకరోజు అమ్మాయిని ఆ శాఖకు తీసుకువెళ్లి, అధ్యాపకుల అనుమతితో ఒక తరగతి వినమనండి. అక్కడ చదివి బయటికి వచ్చినవారు ఇప్పుడు ఎక్కడ పాఠాలు చెబుతున్నారో కూడా అడిగి రండి.