సమాధానం: రిపోర్టుల సంఖ్య ఒక్కటే చూపిస్తే ఒప్పుకోకండి

డాక్టర్ గారూ, దిల్‌సుఖ్‌నగర్ డయాగ్నస్టిక్ సెంటర్‌లో ఒక్క రేడియాలజిస్టే (స్కాన్లు, ఎక్స్‌రేలు చదివి రిపోర్టు ఇచ్చే డాక్టరు) రోజుకు 90 రిపోర్టులు ఇస్తుంటే, మీ కార్పొరేట్ ఆసుపత్రిలో మీరు 45 దగ్గరే ఆగుతున్నారని మేనేజ్‌మెంట్ నిలదీసింది అన్నారు. ఆ 90లో ఎక్కువ భాగం ఎక్స్‌రేలేనని కూడా మీరే రాశారు. ఇంక పోలికెక్కడిది?

రాత్రి ఓఆర్ఆర్ మీద యాక్సిడెంటై వచ్చిన మనిషికి తల నుంచి కటి దాకా సీటీ తీస్తే వెయ్యికి పైగా ఇమేజీలు. స్క్రోల్ చేస్తుంటే క్యాజువాలిటీ నుంచి ఫోను, పెట్టేలోపే సర్జన్ పక్కకొచ్చి నిలబడతారు. మళ్లీ ప్లీహం దగ్గర మొదలుపెట్టాలి. లెక్కలో మాత్రం అది ఒక్క కేసు!

అమెరికాలో ప్రభుత్వ ఆరోగ్య బీమా పథకం మెడికేర్ 1992 నుంచి పరీక్షను బట్టి పాయింట్లు కడుతోంది. రిలేటివ్ వాల్యూ యూనిట్ అంటారు. ఆ లెక్కన కాంట్రాస్ట్ మందు ఎక్కించి తీసిన ఒక పొట్ట సీటీ సుమారు 6-7 ఛాతీ ఎక్స్‌రేలతో సమానం.

ప్రభుత్వ బోధనాసుపత్రిలో నాకు ఇంకో రకం ఇబ్బంది. పీజీ విద్యార్థులు చదివిన రిపోర్టులు సరిచూసి సంతకం పెట్టేవాణ్ని. సంఖ్య బాగానే కనిపించేది, పిల్లలకు నేర్పిన గంటలు మాత్రం ఎక్కడా ఎక్కేవి కావు.

రెండు వారాలు డైరీ రాయండి: పరీక్ష రకం, పట్టిన సమయం, ఫోన్లు, ట్యూమర్ బోర్డు (క్యాన్సర్ కేసులపై డాక్టర్లు కలిసి చర్చించే సమావేశం), గర్భిణుల స్కాన్‌కు నింపే ఫారం ఎఫ్. దాన్ని మీ విభాగాధిపతి (హెచ్‌ఓడీ) గారి చేత సంతకం చేయించి మీటింగ్‌లో పెట్టండి.