ఖావోసాన్ రోడ్డు హాస్టల్‌లో నిద్ర సంగతి
బ్యాంకాక్ ఖావోసాన్ రోడ్డులో డార్మ్ బెడ్ (పలువురు పంచుకునే గదిలో ఒక మంచం) బుక్ చేశారు, డబ్బు వెనక్కి రాదు, రాత్రంతా గోలేనని రివ్యూల్లో చూసి టెన్షన్ పడుతున్నారు, అంతే కదా? క్యాన్సిల్ చేయకండి.

మోత నిజమే, పక్కపక్క బార్ల స్పీకర్లు పోటీ పడతాయి. కానీ దెబ్బంతా రోడ్డు వైపు గదులకే. ఈరోజే హాస్టల్‌కు మెసేజ్ పెట్టి పై అంతస్తులో, వెనక వైపు గది అడగండి. దిగిన రోజు అడిగితే మిగిలిందే ఇస్తారు. ఇయర్‌ప్లగ్స్ ఫోమ్‌వి కొనండి. వాటిని వేళ్లతో సన్నగా నలిపి, చెవిలో పెట్టి, ఉబ్బేదాకా అదిమి పట్టుకోవాలి. ఊరికే కుక్కేసి పనిచేయలేదనేవాళ్లే ఎక్కువ!

లాకర్‌కు తాళం మీరే తీసుకెళ్లండి. అద్దె బండికి పాస్‌పోర్టు తాకట్టు అడిగితే ఆ బండే వద్దు, దయచేసి.

దగ్గర్లో స్కైట్రైన్ (పైవంతెన మీద నడిచే సిటీ రైలు) లేదు. ప్రా ఆతిత్ రేవుకు నడిచి, చావో ఫ్రయా నదిలో పడవెక్కి సాథోన్ రేవులో దిగితే స్కైట్రైన్ స్టేషన్ పక్కనే. గ్రాండ్ ప్యాలెస్‌కైతే నడిచే వెళ్లొచ్చు. 8:30కి తెరుస్తారు, ఎండ ముదరకముందే చూసేయండి.

మీ తేదీలు ఏప్రిల్ 13-15 అయితే మాత్రం నా సలహా వేరు. అది సాంగ్‌క్రాన్, వీధంతా నీళ్ల పండగ, పెట్టెతో గుమ్మం చేరడమే కష్టం. అప్పుడు డబ్బు పోయినా సరే, కాలువ అవతల సామ్‌సెన్ రోడ్డు వైపు చూసుకోండి. అక్కడ రాత్రుళ్లు చాలా నెమ్మది.