న్యాయ సలహా: స్టాంపు పేపర్ మీద విడాకులు చెల్లుతాయా?

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది కావలి దగ్గర పల్లె, నన్ను ఒంగోలు పక్కన ఊరికి ఇచ్చారు. పోయిన ఏడాది గొడవలు ముదిరి పెద్దమనుషుల్లో కూర్చున్నాం. వంద రూపాయల స్టాంపు పేపర్ మీద ‘ఇకపై మా ఇద్దరికీ సంబంధం లేదు, బాబు తల్లి దగ్గర ఉంటాడు, వాడికి తండ్రి ఆస్తిలో వాటా అడగం’ అని రాసి సంతకాలు పెట్టించారు, మూడు లక్షలు ఇచ్చారు. బాబుకి నాలుగేళ్లు. ఇప్పుడు ఆయనకి వేరే సంబంధం చూస్తున్నారు, మామగారేమో పొలం బేరానికి పెట్టారు. గట్టిగా అడిగితే బాబుని తీసుకుపోతామంటున్నారు. నా బంగారం కూడా వాళ్ల బీరువాలోనే ఉండిపోయింది.

జవాబు: అమ్మా, ముందు ఆ కాగితం సంగతి చూద్దాం. హిందూ వివాహ చట్టం కింద కోర్టు డిక్రీ ఇస్తేనే విడాకులు. కులాచారంగా వచ్చే విడాకులను చట్టం కొట్టేయలేదు గానీ, అలాంటి ఆచారం తరాలుగా ఉందని సాక్ష్యాలతో రుజువు చేయాలి, నోటరీ ముద్ర ఉందనో సర్పంచ్ సంతకం ఉందనో సరిపోదు. మీది అలాంటి ఆచారం కాకపోతే ఈ రోజుకీ మీరు ఆయన భార్యే. ఆయన ఇంకో పెళ్లి చేసుకుంటే అది చెల్లదు, పైగా భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా శిక్ష పడే నేరం. (ఆ కొత్త సంబంధం వాళ్లకి ఈ ముక్క ఎవరూ చెప్పి ఉండరు, మన పెద్దమనుషుల నిర్వాకం అలా ఉంటుంది.) ఇద్దరికీ కలిసుండటం ఇష్టం లేకపోతే, ఏడాదిగా విడిగా ఉంటున్నారు కాబట్టి పరస్పర అంగీకారంతో కోర్టుకే వెళ్లండి. పిటిషన్ వేశాక ఆగాల్సిన ఆరు నెలల గడువును తగిన కారణాలుంటే కోర్టు తగ్గించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది.

నాకు కోపం తెప్పించింది మాత్రం బాబు వాటా గురించి రాసిన ఆ వాక్యం. వాటా ఉంటే అది బాబుది, మూడు లక్షలు తీసుకుని వాడి తరఫున వదిలేసే అధికారం మీకు లేదు, రాయించే అధికారం వాళ్లకూ లేదు. అయితే ఇక్కడో మెలిక ఉంది. మనం తాతల ఆస్తి అని పిలిచేదంతా చట్టం దృష్టిలో ఉమ్మడి ఆస్తి కాదు. మామగారు రొయ్యల గుంటల మీద సంపాదించి కొన్న పొలమైతే ఆయన ఇష్టం, ఎవరికైనా అమ్ముకోవచ్చు. హిందూ వారసత్వ చట్టం వచ్చిన 1956 తర్వాత మామగారి నాన్న పోయి, ఆయన సొంత ఆస్తి వారసత్వంగా వచ్చినా మామూలుగా మామగారి సొంతం కిందే లెక్క. తరాలుగా పంచుకోకుండా వస్తున్న పొలమైతే మాత్రం బాబుకి పుట్టుకతోనే హక్కు ఉంటుంది. అందుకని ముందు సర్వే నంబర్లు పట్టుకుని ఈసీ (పొలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల పత్రం), అడంగల్ (సాగు రికార్డు), 1బీ (హక్కుల రికార్డు) తీయించండి, పాత దస్తావేజులో పొలం ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చిందో చదివించండి. ఉమ్మడిదని తేలితే బాబు పేరున, మీరు సంరక్షకురాలిగా భాగపంపిణీ దావా వేసి, అమ్మకుండా ఇంజంక్షన్ అడగాలి. ఈ దావా పొలం ఉన్నచోట కోర్టులో వేయాలి, విడాకులు, భరణం కేసులు మాత్రం మీరుంటున్న ప్రాంతంలోనే వేసుకోవచ్చు.

బాబుని లాక్కుపోతామన్న మాటకి టెన్షన్ పడకండి. ఐదేళ్లలోపు పిల్లలు మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని చట్టంలోనే ఉంది, ఐదు నిండినా కోర్టు చూసేది పిల్లవాడి మేలే. ఆ మూడు లక్షలతో బాబు భరణం తీరిపోయినట్టు కూడా కాదు. పుట్టింటి వాళ్లు పెట్టిన బంగారం స్త్రీధనం, అది మీదే. పెళ్లి ఫొటోలు, షాపు బిల్లులు ఇప్పుడే వెతికి పెట్టుకోండి. లాయర్ ఖర్చుకి వెనకాడొద్దు, ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, 15100కి ఫోన్ చేయండి.

ప్రశ్న: నా భార్య పాపని తీసుకుని నెల్లూరులో పుట్టింటికి వెళ్లింది, చూడనివ్వడం లేదు. కోర్టు ఆర్డర్ చేసిన భరణం ఆపేస్తే దారికొస్తుందా? (చీమకుర్తి)

జవాబు: రాదు బాబూ, బకాయి కింద వారంట్ వచ్చేది మీకే. పాప ఉంటున్న నెల్లూరులోనే, వారానికో రోజు చూసే అవకాశం ఇవ్వమని పిటిషన్ వేయండి. డబ్బు బ్యాంకు ద్వారానే పంపండి, ఆ స్టేట్‌మెంట్ రేపు మీకే పనికొస్తుంది.