మిర్యాలగూడ సోలార్: ఎండాకాలంలో యూనిట్లు తగ్గాయా?

అన్నా, మీ 3 కిలోవాట్ల సోలార్ చలికాలంలో రోజుకు 12 యూనిట్లు ఇచ్చి, ఏప్రిల్‌లో 8కి పడిందన్నారు. ఇన్వర్టర్ పోయిందని అప్పుడే టెన్షన్ పడకండి. ప్యానెల్ వేడి 25 డిగ్రీలు దాటాక డిగ్రీకి దాదాపు 0.4 శాతం కరెంటు తగ్గుతుంది. మన ఎండకు ప్యానెల్ వేడి 60 డిగ్రీలు దాటుతుంది. కానీ వేడి ఒక్కటే ఇంత తగ్గించదు.

ప్యానెళ్లను బోరు నీళ్లతో కడుగుతున్నారా? మా మేడ మీద అదే జరిగింది. గోరుతో గీకితే అద్దం మీద తెల్లగా సున్నంలాంటి పొర లేచింది. ఫిల్టర్ నీళ్లలో కొంచెం వెనిగర్ కలిపి, మెత్తటి గుడ్డతో తుడిస్తే పోయింది. తెల్లవారుజామునే చేయండి, కాలిన అద్దం మీద చల్లనీళ్లు పోస్తే పగలొచ్చు. తర్వాత మూడు రోజులు మీటర్ రీడింగ్ రాసి పెట్టండి. అప్పటికీ పెరగకపోతే సాయంత్రం నాలుగింటికి నీళ్ల ట్యాంకు నీడ ప్యానెళ్ల మీద ఎక్కడ పడుతోందో ఫోటో పంపండి.