గెలిచిన ఆటగాణ్ణి మోకాళ్ల మీద కూలెయ్యకు

అమ్మలూ,

ఉద్యోగం మానేసి, ముగ్గురు స్నేహితులతో కలిసి ఫాంటసీ ఆర్పీజీ, అదే పాత్రల్ని పెంచుకుంటూ కథలో ముందుకెళ్లే వీడియో గేమ్, చేస్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. గర్వంగా అనిపించింది, ఆ వెంటనే బెంగా పట్టుకుంది. డబ్బు సంగతి మీ అమ్మ చూసుకుంటుంది, ఆ దిగులు ఆవిడకి వదిలేస్తున్నాను. నా బెంగ వేరు. విలన్ గతం మీదే నలభై పేజీలు రాశావట. ఆ నలభై పేజీల్లో ఆడేవాడి కంటపడేది ఎంత?

తేలిక సంగతులు ముందు చెప్పేస్తాను. విలన్ పేరు నోరు తిరిగేలా ఉండాలి. నీడ చూసినా పోల్చుకోగలిగే ఆకారం ఉండాలి. అతనికంటూ ఒక బాణీ పెట్టి, మొదటిసారి కనిపించినప్పటి నుంచీ దాన్నే మోగించు. అతనికి ఏం కావాలో ఒక్క వాక్యంలో చెప్పలేకపోతే ఆ వాక్యం దొరికేదాకా మిగతాది రాయకు.

ఇక అసలు సంగతి. ఆటలో విలన్ గుర్తుండిపోయేది వాడి డైలాగుల వల్ల కాదు, ఆడేవాడి చేతిలోంచి వాడు లాక్కున్నదాని వల్ల. 1997లో వచ్చిన ఫైనల్ ఫాంటసీ 7 నే చూడు. హీరో జట్టులోని ఎయిరిత్‌ని విలన్ సెఫిరోత్ చంపే ఘట్టం గురించి ఇప్పటికీ మాట్లాడుకుంటారు. ఆమె మంచిది కాబట్టి అంటారు. నేనైతే ఆమె లెవెళ్లు పెంచింది ఆడేవాడే కాబట్టి అంటాను. గంటల తరబడి పోరాడించి, ఆయుధాలిచ్చి, అందరికీ వైద్యం చేసే ప్రత్యేక శక్తులు, అవే లిమిట్ బ్రేకులు, తెరిపించుకున్నాడు. తర్వాతి పోరాటానికి జట్టుని సర్దుకునే మెనూలో ఆమె చోటు ఖాళీ. విలన్ మీద కోపం ఆ మెనూలో పుడుతుంది.

అదే ఆటలో అంతకు చాలా ముందు ఇంకో చోటు ఉంది. బురదనేలలో మిడ్గార్ జోలోమ్ అనే పెద్ద పాము తిరుగుతుంటుంది. ఆ దశలో దానికి ఎదురెళితే పార్టీ, అంటే హీరో జట్టు, మొత్తం చస్తుంది, అందుకని చోకోబో పక్షినెక్కి దాటాలి. దాటి అవతలికి వెళ్లగానే అలాంటి పామే ఒకటి చెట్టుకి గుచ్చబడి వేలాడుతూ ఉంటుంది. సెఫిరోత్ అక్కడ లేడు. ఇప్పుడిప్పుడే ఏ పాముకి భయపడి పారిపోయి వచ్చాడో ఆ పాముతోనే వాడి బలాన్ని ఆడేవాడు కొలుస్తాడు. ఎవరో ముసలాయన వచ్చి ‘అతను మహా బలవంతుడు నాయనా’ అని చెబితే ఆ కొలత రాదు. నీ నలభై పేజీల్లోంచి ఇలాంటివి మూడు తియ్యి, మిగతావి పెట్టెలో దాచుకో.

ఖర్చవుతుందని భయపడకు. 1986 నాటి మొదటి డ్రాగన్ క్వెస్ట్‌లో హీరో బయల్దేరే కోట బయట నిలబడితే నీళ్లకు అవతల విలన్ డ్రాగన్‌లార్డ్ కోట కనిపిస్తుంది. ఇంత దగ్గరగా ఉన్నా వెళ్లడానికి దారి ఉండదు, ఆట పొడుగునా ఆ దారే వెతుక్కోవాలి. మ్యాప్ మీద కాసిని బొమ్మల ముక్కలు, అంతే ఖర్చు. నలుగురే ఉన్న మీలాంటి వాళ్లకి పనికొచ్చే పాఠం అది.

ఇరవై గంటల ఆట అనుకుందాం. మొదటి అరగంటలోనే విలన్ చేసిన పని ఒకటి కనిపించాలి. ఆ తర్వాత రెండు, మూడు గంటలకోసారి జాడ తగలాలి: కాలిన ఊరు, మూతపడ్డ దుకాణం, నిన్నటిదాకా పనులు (క్వెస్టులు) అప్పజెప్పి ఇవాళ తలుపు తియ్యని మనిషి. ముఖాముఖి మూడు, నాలుగు సార్లు చాలు. ప్రతిసారీ ఏదో ఒకటి మారాలి. ఏమీ మారకుండా బెదిరించి వెళ్లిపోయే సన్నివేశం ఎంత బాగా రాసినా తీసెయ్యి. ఆఖర్లో కొత్తవాణ్ణి దింపడం అన్నిటికన్నా చెడ్డది. 2000లో వచ్చిన ఫైనల్ ఫాంటసీ 9 అంత చక్కటి ఆటలో, కూజా అనే విలన్‌ని ఓడించాక నెక్రాన్ అనేవాడు వస్తే ‘వీడెవడు?’ అనుకోవాల్సి వచ్చింది.

ఇప్పుడు ఒక పాత తప్పు గురించి. మిగతావన్నీ మర్చిపోయినా ఇది మర్చిపోకు.

ఆడేవాడు ఎనిమిది నిమిషాలు పోరాడాడు. గాయాలు మాన్పే పోషన్లు దాచుకున్నవన్నీ తాగించాడు. విలన్ హెచ్‌పీ, అంటే ప్రాణబలం లెక్క, సున్నా అయింది. తెర నల్లబడి మళ్లీ వెలుగొచ్చేసరికి హీరో మోకాళ్ల మీద రొప్పుతున్నాడు, విలన్ ఒంటి మీద గీత కూడా లేకుండా నవ్వుతున్నాడు.

ఇది ఎందుకు జరుగుతుందో తెలుసా? కథ రాసేవాళ్లు ‘ఇక్కడ హీరో ఓడిపోతాడు’ అని రాస్తారు. ఆటలో ఫైట్ తయారుచేసేవాళ్లకి అది ముగియడానికో షరతు కావాలి. అందరికీ తెలిసిన షరతు హెచ్‌పీ సున్నా. ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోరు, రెండు ముక్కలూ అతికించేస్తారు. అప్పుడు ఆడేవాడికి విలన్ మీద రావాల్సిన కోపం ఆట చేసినవాళ్ల మీదకి మళ్లుతుంది. ఒకసారి మళ్లిందా, ఇక ఆ విలన్ ఊళ్లు తగలబెట్టినా పట్టించుకోరు.

హీరో ఓడక తప్పదంటే రెండో టర్నులోనే ఓడించు. పార్టీ హెచ్‌పీ మూడొందలు ఉన్నప్పుడు ఒకే దెబ్బకి రెండు వేలు పడాలి, ఆ అంకె తెర మీద కనపడాలి. చూడగానే ఇది గెలిచే పోరు కాదని తెలుస్తుంది, పోషన్లు వృథా చెయ్యడు. అయినా ఫైట్ మొదలయ్యే ముందు సామాన్ల జాబితా కాపీ చేసుకుని, ముగిశాక యథాతథంగా తిరిగి ఇచ్చెయ్యి. విలన్ తప్పించుకుని పోవాలంటే సగం హెచ్‌పీ దగ్గరే పోరు ఆపు, వాణ్ణి చేతికి గాయంతో పంపు. తర్వాత ఎదురైనప్పుడు ఆ చేతికి కట్టు ఉండాలి, ఆ చేత్తో కొట్టే దెబ్బ ఉండకూడదు. అది చూసిన ఆటగాడు తాను చేసిన పని లెక్కలోకి వచ్చిందని ఎంత పొంగిపోతాడో! ఇవేవీ కుదరకపోతే అక్కడ ఫైట్ పెట్టకు. హీరో ఇంకెక్కడో ఉండగా విలన్ తన పని చేసుకుని పోనీ.

ఓడిపోవాల్సిన పోరులోనూ ఎలాగో గెలిచేవాడు ఒకడుంటాడు, వాడికీ ఏదైనా ఇవ్వాలి. 1995 నాటి క్రోనో ట్రిగ్గర్‌లో సముద్రపు అడుగున ఉన్న కోటలో లావోస్ అనే రాక్షసి చేతిలో ఓడిపోవడమే కథ. కానీ ఒకసారి ఆట పూర్తిచేసి, ఆ బలంతో మళ్లీ మొదలుపెట్టి అక్కడే గెలిస్తే వేరే ముగింపు వస్తుంది. అంత చెయ్యలేకపోయినా ఒక వస్తువు, మారిన డైలాగు ఒకటి పెట్టు.

ఇంత గట్టిగా చెబుతున్నానని చిన్నబుచ్చుకోకు. చిన్నప్పుడు నువ్వు ఆటలో ఒకే బాస్ (పెద్ద శత్రువు) చేతిలో ఇరవైసార్లు చచ్చినా కిమ్మనేదానివి కాదు, నీళ్లు తాగొచ్చి మళ్లీ మొదలెట్టేదానివి. ఏడ్చింది ఒక్కసారే, గెలిచాక కూడా నీ హీరోని ఓడిపోయినట్టు చూపించిన రోజు. ‘నేను గెలిచాను కదా’ అంటూ కంట్రోలర్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నావు. నీ ఆట ఆడే పిల్ల ఎవరూ అలా కూర్చోకూడదు, తల్లీ.

విలన్ మంచివాడా చెడ్డవాడా అని మీ నలుగురూ వాదించుకుంటున్నారట. డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్ ఒకసారి ఆడండి, 2009 నాటిది. ఆస్టగార్ యుద్ధంలో ఆడేవాడే చచ్చీచెడీ టవర్ ఎక్కి సంకేతం వెలిగిస్తాడు, అది చూసి సాయానికి రావాల్సిన సేనాపతి లొగైన్ సైన్యంతో వెనక్కి తిరిగిపోతాడు. రాజు చనిపోతాడు. తర్వాత వినగా వినగా లొగైన్‌కీ ఓ కారణం ఉందని తెలుస్తుంది. చివరికి అతన్ని చంపనూవచ్చు, పార్టీలో చేర్చుకోనూవచ్చు. చేర్చుకుంటే అప్పటిదాకా తోడున్న అలిస్టర్ విడిచి వెళ్లిపోతాడు. క్షమించడానికీ ఒక వెల కట్టారు చూడు, వాదన అక్కడ తేల్చుకోండి.

ఆఖరి పోరులో విలన్ స్వభావం అంకెల్లోనే కనిపించాలి. సుయికోడెన్ 2 అనే ఆటలో విలన్ లూకా బ్లైట్ మీదకి పద్దెనిమిది మంది వెళతారు, ఆరుగురేసి మూడు దళాలుగా, ఒకదాని తర్వాత ఒకటి. ఆ తర్వాత విలుకాళ్ల బాణాలు. అప్పటికీ చావడు, హీరో ఒంటరిగా తలపడాలి. వాడెంత రాక్షసుడో ఇంకెవరూ చెప్పనక్కర్లేదు.

మొదటి గంట ఆట తయారవగానే నాకు పంపు. విలన్ డైలాగులన్నీ తీసేసిన బిల్డ్ (ఆడి చూసే కాపీ) పంపు, బాణీ ఉంచు. అది ఆడాక నాకు వాడి మీద కోపం వచ్చిందో లేదో ఆ రాత్రే ఫోన్ చేసి చెబుతాను. వేళకి తిను, కళ్లకి విశ్రాంతి ఇవ్వు.

నీ పెద్దమ్మ