న్యూస్‌లెటర్ పంపేముందు ఒక్కసారి చూసుకో

చిరంజీవి మేనకోడలికి, మావయ్య ఆశీస్సులు.

న్యూస్‌లెటర్ పని నీ చేతికొచ్చిందట, సంతోషం. అర్థంకాని మెయిల్ వస్తే జనం ఊరుకోరమ్మా, స్పామ్ అని నొక్కేస్తారు. ఆ నొక్కుళ్లు పెరిగితే అదే డొమైన్ (చిరునామాలో @ తర్వాతి పేరు) నుంచి వెళ్లే బిల్లులు, పాస్‌వర్డ్ మెయిళ్లు కూడా స్పామ్‌లో పడతాయి. జీమెయిల్ లెక్కలో ఈ ఫిర్యాదులు 0.1 శాతం లోపే ఉండాలి, 0.3కి చేరకూడదు. అంటే వెయ్యికి మూడు కూడా ఎక్కువే.

పంపినవారి పేరు ఓ వారం కంపెనీది, ఓ వారం ఎవరో ఉద్యోగిది పెట్టకండి. ఒకటే ఉంచండి.

"మీ ఖాతా గురించి ముఖ్య సమాచారం" అని సబ్జెక్ట్ పెట్టి లోపల డిస్కౌంట్ అమ్మడం శుద్ధ తప్పు. నిజంగా ఖాతా గడువు తీరే రోజున నువ్వు రాసినా ఇక తెరవరు. "14న మీ ప్లాన్ ముగుస్తుంది" అని విషయం ముందే చెప్పు. ఫోన్‌లో సుమారు 30–40 అక్షరాలే కనబడతాయి. సబ్జెక్ట్ వెంటే కనబడే ప్రివ్యూ వాక్యం నువ్వు రాయకపోతే ఆ చోట "బ్రౌజర్‌లో చూడండి" వచ్చి కూర్చుంటుంది.

"రేపే ఆఖరు" అని మంగళవారం పంపావనుకో, గురువారం తెరిచినవాళ్లకి ఆ రేపు ఏది? తేదీ, గంట వెయ్యి. చదివేవాళ్లు వేర్వేరు దేశాల్లో ఉంటే ఏ టైమ్‌జోనో కూడా.

అసలు తికమక అన్‌సబ్‌స్క్రైబ్ దగ్గర. తెల్లటి నేల మీద బూడిదరంగు చీమతలకాయంత అక్షరాలు, నొక్కితే లాగిన్, అదీ అయ్యాక "మెయిళ్లు వద్దనుకుంటే టిక్ తీయకండి" అని ఓ పెట్టె! టిక్ ఉంచాలా, తీయాలా? కొందరు కావాలనే ఇలా చేస్తారు. ఆపేందుకు దారి దొరకనివాళ్లకి స్పామ్ బటన్ ఎప్పుడూ దొరుకుతుంది. రోజుకు 5,000 దాటి ప్రచార మెయిళ్లు పంపేవాళ్లు ఒక్క నొక్కుతో ఆపే ఏర్పాటు పెట్టాలని, రెండు రోజుల్లో అమలు చేయాలని 2024 నుంచి జీమెయిల్ నిబంధన. ఇది కింద ఇచ్చే లింక్‌తో తీరదు, మెయిల్ హెడర్‌లో, అంటే చదివేవాళ్లకి కనబడని సాంకేతిక వివరాల్లో, పెట్టించాలి. కింది లింక్ కూడా ఉండాల్సిందే.

ఆ లింక్‌కి ఇంకో గండం ఉంది. మెయిల్ కోడ్ సుమారు 102 కిలోబైట్లు దాటితే జీమెయిల్ మిగతాది మడిచేస్తుంది, లింక్ అందులో పోతుంది. బొమ్మల బరువు ఇందులోకి రాదు. వేరే ఎడిటర్లోంచి తెచ్చి అతికించినప్పుడు వెంట వచ్చే చెత్త కోడే బరువు పెంచుతుంది. టెక్స్ట్‌గా మాత్రమే అతికించు.

పేరు లేనివాళ్లకి "ప్రియమైన ," అని వెళ్లకుండా "నమస్కారం" సిద్ధంగా ఉంచు. బొమ్మలు ఆపేసి ఓసారి చదువు, ఆఫర్ అంతా బొమ్మలోనే ఉంటే ఖాళీ పెట్టె కనిపిస్తుంది.

జవాబు రాయడానికి వీల్లేని నోరిప్లై చిరునామా తీసేయమను. "ఇది నాకెందుకు వచ్చింది?" అని ఎవరైనా జవాబు రాస్తే, వచ్చే సంచికలో మొదటి వాక్యం దాని గురించే రాయి.

ఇట్లు,
మావయ్య